గెడ్డవలస ఏకైక ప్రజ

కూతురి పురిటికని వెళ్ళిన రెడ్డి అసిరమ్మ అయిదు నెలల తర్వాత గెడ్డవలసలో బస్సు దిగేసరికి ఊరు ఉన్నచోటే ఉంది గానీ పల్లెటూరు కాకుండా పోయింది. బస్సాగే చోట పచ్చబోర్డు ఒకటి కొత్తగా పాతారు. ‘గెడ్డవలస నగర పంచాయతీ మీకు స్వాగతం పలుకుచున్నది’ అని దాని మీద ఉన్నదాన్ని అసిరమ్మ కూడబలుక్కుని చదివింది. అక్కణ్ణుంచి సాలివీధిలో తన ఇంటికి గట్టిగా రెండు వందల అడుగులు. ఆ రెండు వందల అడుగుల్లో ఆమె నాలుగు వార్డులు దాటింది.

జరిగిందేమిటంటే, జనాభా లెక్కల కాగితంలో జిల్లా కచేరీలో ఎవరో ఒక సున్నా ఎక్కువ కొట్టారు. రెండు వేల నూట నలభై మంది ఉన్న ఊరు ఇరవై ఒక్క వేల నాలుగు వందలైంది. అంతమంది ఉన్న ఊరు పంచాయతీగా ఉండడానికి వీల్లేదు కాబట్టి పట్టణమైంది. పట్టణానికి కమిషనర్ కావాలి కాబట్టి వడ్డాది నరహరి గారు వచ్చారు. ఆయన పద్ధతి గల మనిషి. వచ్చిన మూడోరోజే తప్పు కనిపెట్టి పైకి లేఖ రాశారు. ‘లెక్క ఆమోదం పొందియున్నది. జనాభా తక్కువైనచో పెంచుకొనవలసిన బాధ్యత స్థానిక సంస్థదే’ అని జవాబు వచ్చింది. నరహరి గారు దాన్ని ఫైల్లో పెట్టి, నియమావళి పుస్తకం తెరిచారు.

ప్రతి పదిమంది ప్రజలకూ ఒక ప్రతినిధి ఉండవలెనని ఆ పుస్తకంలో ఉంది. అంటే రెండు వేల నూట నలభై పదవులు. ఒకరికి రెండు పదవులు ఉండరాదని ఆ కింది వాక్యంలో ఉంది. ఇరవై వార్డులు గీశారు. పదకొండో వార్డులోకి ఒక ఇటుకబట్టీ, ఒక తాటితోపు వచ్చాయి. వార్డు సభ్యులు, వార్డు సంఘాలు, స్థాయీ సంఘాలు, ఉపసంఘాలు, సలహా సంఘాలు ఏర్పడ్డాయి. చంటిపిల్లల్ని శిశు సంక్షేమ సలహా సంఘంలో వేశారు. మంచం పట్టినవాళ్ళకి వయోవృద్ధుల మండలి ఉండనే ఉంది. ఎన్నికలు ఏకగ్రీవంగా జరిగాయి. పోటీ చేయడానికి మిగిలినవాళ్ళు లేరు.

అసిరమ్మకి ఈ సంగతులేవీ తెలియవు. ఆమెకి యాభై ఎనిమిదేళ్ళు. మొగుడు పోయినప్పట్నుంచీ ఇరవయ్యేళ్ళుగా ఇంటి అరుగు మీద ఇడ్లీలు వేసి అమ్ముతోంది. ఇల్లు చేరి, సంచీ దింపి, మర్నాటికి పప్పు నానబోద్దామని వీధి కుళాయి తిప్పింది. కుళాయి చిన్నగా మూలిగి ఊరుకుంది.

ఊళ్ళో నీళ్ళ సంగతి ఏదైనా బెవర దాలయ్యనే అడగాలి. ఇరవై రెండేళ్ళుగా ట్యాంకు కింద పెద్ద వాల్వు తిప్పి ఊరికి నీళ్ళు వదిలేది అతనే. వీధి వరసన అసిరమ్మకి తమ్ముడు. ఆమె ట్యాంకు దగ్గరికి వెళితే అతను లేడు. పాత పశువుల ఆసుపత్రి గదిలో, ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబుకి బిళ్ళ తగిలించుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు. బిళ్ళ మీద ‘అధ్యక్షుడు, జల సరఫరా పర్యవేక్షణ సంఘం’ అని ఉంది. ఎదురుగా పన్నెండు మంది సభ్యులు కూర్చుని వాల్వు గురించి చర్చిస్తున్నారు.

“ఏటి తమ్ముడా, ఈ ఏసమేటి? నీల్లెప్పుడొదుల్తావు?” అంది అసిరమ్మ.

దాలయ్య ఆమెని గుమ్మం బయటికి తీసుకొచ్చి, గొంతు తగ్గించి చెప్పుకున్నాడు. తిప్పేవాళ్ళు లేక వాల్వు బిగుసుకుపోయి మూడు నెలలైంది. విప్పి రబ్బరు మార్చి, గ్రీజు రాస్తే పావుగంట పని. కానీ పదవిలో ఉన్నవారు ఊరి పనిని పర్యవేక్షించాలే గానీ చేయరాదు. సొంత పొలం దున్నుకోవచ్చు, సొంత గొడ్డుకి మేత వేసుకోవచ్చు. ఊరి సొత్తు మీద చెయ్యి పడితే మాత్రం నేరం. ఊరంతా గెడ్డవాగు ఇసకలో చెలమలు తవ్వుకుని నీళ్ళు మోసుకుంటున్నారు.

“నాను సేస్తే పదవి పోద్దంట అప్పా.”

“పోతే పోనీ.”

“పోడానికీ నేదు. నాను దిగితే నా జాగాలోకి ఇంకోడు రావాల. ఇంకోడంటూ ఊర్లో ఎవుడున్నాడు?”

అసిరమ్మకి ఇది తలకెక్కలేదు. నేరుగా ఆఫీసుకి వెళ్ళింది. నరహరి గారు కళ్ళజోడు సవరించుకుని, తమరిది ఏ వార్డు, ఏ సంఘం, ఏ హోదా అని మర్యాదగా అడిగారు. తనకి అలాంటివేవీ లేవనీ, ఇడ్లీలు అమ్ముకుంటాననీ ఆమె చెప్పింది. ఆయన రిజిస్టరు తిరగేశారు. ఊళ్ళో మనుషులెంతమందో పదవులూ అన్నే గానీ, వాటిలో ఒకటి హోదా రీత్యా బయటినుంచి వచ్చిన ఆయనకే చెందింది. అందుకని ఊళ్ళో ఒక మనిషి మిగిలిపోవాలి. ఆ మిగిలిన మనిషెవరో తెలియక ఆయన మూడు నెలలుగా నిద్రలేకుండా ఉన్నారు. మెల్లగా కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

“అయితే తమరే ప్రజలు,” అన్నారు.

ఆ సాయంత్రమే చైర్మన్ గొర్లె సత్యంనాయుడు పూలదండతో వచ్చాడు. నిరుటిదాకా ధాన్యం మిల్లు నడుపుకున్న పెద్దమనిషి. చైర్మనైన నాటినుంచీ ‘ప్రజల వద్దకు పాలన’ అనే ఉపన్యాసం సిద్ధం చేసుకుని, దగ్గరికి వెళ్ళడానికి ప్రజలు దొరక్క ఉక్కిరిబిక్కిరైపోయి ఉన్నాడు. అసిరమ్మ అరుగు ముందు నిలబడి నలభై నిమిషాలు మాట్లాడాడు. మధ్యలో ఆమె పొయ్యి ఆరిపోకుండా చూసుకోవడానికి లోపలికి వెళ్ళింది. ప్రజలు సభ మధ్యలో లేచి వెళ్ళిపోయారని మినిట్సులో రాసుకున్నారు.

అక్కణ్ణుంచి అసిరమ్మకి తీరిక లేకుండా పోయింది. పారిశుధ్య సంఘం వాళ్ళు చెత్త మీద ప్రజల్ని చైతన్యపరచడానికి ర్యాలీ తీశారు. మూడు వందల మంది బ్యానర్లు పట్టుకుని నడుస్తుంటే రోడ్డు పక్కన ఆమె ఒక్కత్తీ నిలబడి చైతన్యం పొందింది. ర్యాలీలో వాళ్ళు పారేసిన మజ్జిగ పొట్లాలు కూడా ఆమే ఏరింది, మిగతావాళ్ళు ముట్టుకోకూడదు కాబట్టి. అభిప్రాయ సేకరణ సంఘం వాళ్ళు వచ్చి పాలన ఎలా ఉందని అడిగితే, నీళ్ళు రాటం లేదంది. నూటికి నూరు శాతం ప్రజలు అసంతృప్తితో ఉన్నారని తేలింది. చైర్మన్ రెండు రోజులు అన్నం తినలేదు. మూడోరోజు అసిరమ్మే జాలిపడి, నీళ్ళు తప్ప మిగతాదంతా బాగుందని చెప్పి వచ్చింది. ఒక్క వారంలో ప్రజాభిప్రాయం పాలనకి అనుకూలంగా మారిందని ఊరంతా టముకు వేశారు.

ఆమె ఇడ్లీలకి మాత్రం కొనేవాళ్ళకేం కొదవ లేదు. కానీ నీళ్ళు లేవు. తెల్లారకుండానే గెడ్డకి పోయి, చెలమలో ఊరిన నీళ్ళు చిప్పతో తోడి, బిందె నెత్తిన పెట్టుకుని మైలు దూరం మోసేది. మోకాళ్ళు పీకేవి. అరుగు మీద నాలుగు వాయిలు వేసేచోట ఒక్క వాయి వేస్తోంది. తిరిగి తిరిగి ఆఫీసుకే వెళ్ళింది.

వాల్వు బాగుచేయడానికి మార్గం ఉందని నరహరి గారు చెప్పారు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. ప్రజలు పదిమంది సంతకాలతో అర్జీ పెట్టుకుంటే, పని ప్రజాభాగస్వామ్యం కింద చేపట్టవచ్చు. పదిమందికి తనెక్కణ్ణుంచి తెచ్చేదని అసిరమ్మ అడిగింది. అదీ నిజమేనని ఆయన ఒప్పుకుని, మొత్తం ప్రజల్లో సగానికి పైగా హాజరైతే బహిరంగ విచారణ జరపవచ్చన్న ఇంకో నియమం వెతికిపెట్టారు. విచారణ రోజున హాజరు నూరు శాతం. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత నరహరి గారు గొంతు సవరించుకుని, అభ్యంతరాలు కూడా వినకపోతే విచారణ చెల్లదన్నారు. అభ్యంతరం చెప్పేవాళ్ళు కుడివైపు బల్ల మీద కూర్చోవాలి. కూర్చోవడానికి ప్రజల్లో ఇంకెవరూ లేరు. ఆమెనే బతిమాలి కుడివైపు కూర్చోబెట్టారు.

“అడిగినదాన్నీ నానే, వొద్దన్నదాన్నీ నానేనా బాబూ?” అంది అసిరమ్మ.

“ప్రజాస్వామ్యంలో భిన్నాభిప్రాయం ఉండి తీరాలమ్మా,” అన్నారు నరహరి గారు.

ఓట్లు తీస్తే వాల్వు బాగుచేయాలని ఒకటి, వద్దని ఒకటి వచ్చాయి. సమానమైనందున విషయాన్ని మూడు నెలలు వాయిదా వేశారు. కుడిబల్ల మీద కూర్చున్నప్పుడు ఏం చెప్పాలో తెలియక, ‘నీల్లెందుకులెండి’ అని తన నోటితో తనే అంది. ఆ మాట రాత్రంతా ఆమెని ముల్లులా పొడిచింది.

ఆ వారంలోనే ఆమెకి జ్వరం తగిలింది. ప్రజారోగ్యం క్షీణించిందని ఆఫీసులో నల్లబల్ల మీద రాశారు. ప్రజారోగ్య సంఘం సభ్యులు అరవై ముగ్గురూ మంచం చుట్టూ చేరి పర్యవేక్షించారు. ఒకరు జ్వరం చూసి చెబితే, ఇంకొకరు రాసుకున్నారు, మరొకరు రాసింది సరిగా ఉందో లేదో చూశారు. సగం జనాభాకి పైగా జబ్బు పడితే మహమ్మారి కింద ప్రకటించాలా అన్న దాని మీద వాదన లేచి, అందరూ దాన్ని తేల్చుకోవడానికి ఆఫీసుకి వెళ్ళిపోయారు. ఆమె దాహానికి లేచి చూస్తే కుండ ఖాళీగా ఉంది.

అప్పుడు దాలయ్య వచ్చాడు. ఇస్త్రీ చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. గెడ్డ నుంచి బిందె నెత్తిన పెట్టుకుని తెచ్చాడు. అక్కకి నీళ్ళు పొయ్యడం ఊరి పని కిందికి రాదని తనలో తను సర్దిచెప్పుకుంటూ వచ్చాడు. గ్లాసు అందిస్తున్నప్పుడు అసిరమ్మ అతని చెయ్యి చూసింది. ఇరవయ్యేళ్ళుగా గోళ్ళ సందుల్లో ఉండిపోయిన నల్లటి గ్రీజు లేదు. బడిపంతులు చెయ్యిలా తెల్లగా ఉంది.

“సేతులు దురదెడతన్నాయప్పా,” అన్నాడు దాలయ్య. “ట్యాంకు కాడ నుంచి నడవలేక సుట్టు తిరిగి వొస్తన్నాను.”

జ్వరం తగ్గిన రోజున అసిరమ్మ ఇడ్లీ పాత్ర బోర్లించి, ఇంటికి తాళం పెట్టి, సంచీ పట్టుకుని బస్సాగే చోటికి వెళ్ళింది. కూతురి ఊళ్ళో కుళాయి తిప్పితే నీళ్ళు వస్తాయి. ఆమెకి కావలసింది అంతే.

సంగతి అయిదు నిమిషాల్లో పాకిపోయింది. ప్రజలు వలస పోతున్నారట. పదవులన్నీ ప్రజల కోసం ఏర్పడినవి కాబట్టి ప్రజలు లేని ఊళ్ళో పదవులు వాటంతటవే రద్దవుతాయని నరహరి గారు పుస్తకం చూసి చెప్పారు. ఆ మాట చెవిన పడ్డవాళ్ళు పడ్డట్టే పరిగెత్తారు. శిశు సంక్షేమ సలహా సంఘం చంకల్లో ఏడుస్తుంటే, వయోవృద్ధుల మండలిని మంచాల మీద మోసుకొచ్చారు. చైర్మన్ సత్యంనాయుడు బస్సుకి అడ్డంగా నిలబడ్డాడు. ఉపన్యాసం గుర్తు రాలేదు.

“నువ్వెల్లిపోతే మేమెవులకోసం ఉన్నట్టు అసిరమ్మా?” అన్నాడు.

“నీల్లు లేని ఊర్లో నానేల ఉంటాను నాయుడుబాబూ. వాల్వు తిప్పండి, ఉంటాను.”

డ్రైవరు హారన్ కొట్టాడు. జనంలోంచి దాలయ్య ముందుకొచ్చి, జేబుకున్న బిళ్ళ విప్పి, అసిరమ్మ చేతిలో పెట్టాడు. ఇది నువ్వు తీసుకో, నీ జాగా నాకియ్యి అన్నాడు. అందరూ నరహరి గారి వైపు చూశారు. ఆయన బస్సు మెట్టు మీద కూర్చుని, పుస్తకం మొదట్నుంచి చివరిదాకా తిరగేశారు. డ్రైవరు ఇంజను ఆపేశాడు. చివరికి నూట పన్నెండో పేజీలో పరస్పర బదిలీ అనే మాట దొరికింది. పదవికీ పదవికీ మధ్యే జరగాలని గానీ, పదవికీ ప్రజకీ మధ్య జరగకూడదని గానీ అక్కడ లేదు.

“ఉభయుల అంగీకారం ఉన్నచో అభ్యంతరం కనబడుట లేదు,” అన్నారాయన. ఆయన ముఖంలో ఆ రోజు వెలుగు చూశామని చాలామంది తర్వాత చెప్పుకున్నారు.

ప్రజ తన చేత్తో తనే బాగుచేసుకుంటే అర్జీ కూడా అక్కర్లేదని తేలింది. దాలయ్య అక్కణ్ణుంచి నడవలేదు, పరిగెత్తాడు. పావుగంటలో వాల్వు విప్పి రబ్బరు మార్చాడు. ట్యాంకు కడిగాడు, మోటారు వేశాడు. మర్నాడు తెల్లవారి ఆరింటికి ఊళ్ళోని కుళాయిలన్నీ దగ్గి, కక్కి, ఎర్రటి నీళ్ళు వదిలి, ఆ వెనక తెల్లటి నీళ్ళు వదిలాయి. ఊరు ఊరంతా బిందెలతో వరసలు కట్టింది.

ఆఫీసు ముందు కుళాయి దగ్గరికి నరహరి గారు బరువుగా నడిచి వచ్చారు. ఆయన చేతిలోనూ బకెట్టు ఉంది, రెండో చేతిలో పుస్తకం ఉంది. ప్రజోపయోగ సదుపాయాలను పదవిలో ఉన్నవారు స్వప్రయోజనాలకు వాడుకొనరాదని చదివి వినిపించారు. అంటే ఈ నీళ్ళు పట్టుకోవడానికి అర్హుడు దాలయ్య ఒక్కడే. దాలయ్య తన బిందె నింపుకుని పక్కకి జరిగి నిలబడ్డాడు. నీళ్ళు ధారగా కాలవలోకి పోతున్నాయి. రెండు వేల మంది దాన్ని చూస్తూ నిలబడ్డారు. నియమం నియమమే.

అసిరమ్మ పైటకి ఇప్పుడు జల సరఫరా పర్యవేక్షణ సంఘం బిళ్ళ ఉంది. ఆమె వరసలో పదో మనిషి. పోతున్న నీళ్ళని కాసేపు చూసింది. ఇన్నాళ్ళ మీటింగుల్లో ఆమె ఊరికే కూర్చోలేదు.

“బాబూ,” అంది నరహరి గారితో, “పోయిన్నెల తవఁరు సెలవెట్టినప్పుడు తవఁరి పనెవులు సూసినారు?”

“మేనేజరు. పూర్తి అదనపు బాధ్యతలతో.”

“మరైతే ఈలందరికీ ప్రజ పని అదనపు బాద్దెతల కింద ఇచ్చీండి. నీల్లొచ్చినంతసేపే.”

నరహరి గారు బకెట్టు కింద పెట్టారు. ఆలోచించారు. అక్కడే గోడకి కాగితం ఆనించి ఉత్తర్వు రాశారు. ప్రతిదినము ఉదయము ఆరు నుంచి ఎనిమిది గంటల వరకు పట్టణములోని సమస్త పదాధికారులు, కమిషనరుతో సహా, ప్రజల హోదాలో పూర్తి అదనపు బాధ్యతలు స్వీకరింతురు. ఆ సమయమున తమ పదవీ అధికారములను వినియోగింపరాదు. ఆరింటికీ ఎనిమిదింటికీ ఆఫీసు ముందు వేలాడుతున్న రైలుపట్టా ముక్కని తగు అధికారి మోగించవలెను. ఎనిమిది గంటలు మోగిన పిమ్మట ఎవరి పదవులలోకి వారు మరలుదురు.

మర్నాడు ఆరు గంటలకి సమయపాలన ఉపసంఘం అధ్యక్షుడు సుత్తి తీసుకుని పట్టా మీద ఆరు దెబ్బలు కొట్టాడు. గెడ్డవలస అంతా ప్రజలైపోయింది. మొదట ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. నీళ్ళు పట్టుకున్నారు. ఆ తర్వాత, చేతులు ఊరుకోక, ఒకడు కాలవలో పూడిక తీశాడు. వీధిదీపాల సంఘం ఉపాధ్యక్షుడు నిచ్చెన ఎక్కి నాలుగు నెలలుగా మాడిపోయి ఉన్న బల్బు మార్చాడు. సత్యంనాయుడు పంచె ఎగ్గట్టి, బడి ముందు గుంతలో రెండు తట్టల కంకర పోశాడు. అసిరమ్మ నాలుగు వాయిలు వేసింది.

ఎనిమిదైంది. సమయపాలన అధ్యక్షుడు సుత్తి ఎత్తి, అలాగే ఆగిపోయాడు. తగు అధికారి మోగించాలి కదా, తనిప్పుడు అధికారి కాదు కదా అని నసిగాడు. చైర్మన్‌ని అడిగితే, చేతులకున్న మట్టి దులుపుకుంటూ తనూ కాదన్నాడు. అందరూ కమిషనర్ ఇంటికి వెళ్ళారు. నరహరి గారు బనీనుతో, ముఖానికి సబ్బుతో బయటికొచ్చారు. ఉత్తర్వు తెప్పించుకుని రెండుసార్లు చదివారు. పట్టా మోగితే గానీ ఊళ్ళో అధికారులు ఉండరు. అధికారి ఉంటే గానీ పట్టా మోగదు. దీనిపై స్పష్టత కోరుతూ పైకి లేఖ రాద్దామా అని ఎవరో అన్నారు. రాయాలంటే సంతకం పెట్టే అధికారం ఉండాలి.

పది గంటలైంది. పదకొండైంది. పట్టా మోగలేదు. దాలయ్య ట్యాంకు మెట్ల మీద కూర్చుని రెండో వాల్వుకి గ్రీజు రాస్తున్నాడు. నరహరి గారు చాలాసేపు పట్టా కింద నిలబడి, సుత్తి వైపు ఒకసారి, పుస్తకం వైపు ఒకసారి చూశారు. తర్వాత పుస్తకం చంకలో పెట్టుకుని, ఆకలి వేస్తున్న మనిషిలా సాలివీధిలోకి నడిచారు. అసిరమ్మ అరుగు దగ్గర ఆవిరి కమ్ముకుని ఉంది. ఆయన అలవాటుగా నేరుగా ముందుకు వెళ్ళి చెయ్యి చాచారు.

అసిరమ్మ తలెత్తకుండానే చెప్పింది.

“లైన్లో నిలబడు బాబూ. నీ ముందర ఏడుగురున్నారు.”